చెవులు తెచ్చుకోండి

కోపం వరదానానికి చిన్నప్పటి నుంచీ ఉంది. చెవులు పోయాక దానికి పని ఎక్కువైంది.

తంతి ఆఫీసులో ఉద్యోగమంతా మోర్స్ చుక్కలూ గీతలూ వింటూ గడిపిన మనిషి. రిటైరై ఆకివీడులో స్థిరపడ్డాక లైసెన్సు తీసుకుని, డాబా మీద తీగ కట్టి, ఇంట్లోంచే ఊరూరి వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో పెట్టుకున్నాడు. ముందు కుక్కరు విజిల్ వినపడటం మానేసింది. తర్వాత చర్చిలో పిల్లల పాట. చివరికి మోర్స్ కూడా. ఎదుటివాళ్ళ పెదాలు చూసి చాలావరకు పట్టుకోగలడు. కాని చూడనిచ్చేదెవరు? మందుల షాపులో ఆయన కౌంటరు ముందు నిలబడి ఉంటే, షాపతను వెనకున్న భార్య యేసమ్మతో, "అయ్యగారికి బీపీ మాత్ర మార్చారని చెప్పండమ్మా" అనేవాడు.

"అయ్యగారు ఇక్కడే ఉన్నాడయ్యా!" అని వరదానం అరిచేవాడు. షాపతను యేసమ్మ వైపు జాలిగా చూసేవాడు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి రేడియో పెట్టుకున్న హామ్‌లంతా రోజూ సాయంత్రం ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునేవారు. వరసగా పేర్లు పిలిచేది తాడేపల్లిగూడెం శేషగిరిరావు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు, వరదానానికి ఆప్తుడు. భర్త వంతు వచ్చినప్పుడు యేసమ్మ ఆయన భుజం తట్టేది. వరదానం మైకు అందుకుని నాలుగు మాటలు చెప్పేవాడు. 2007 వానాకాలంలో ఒక సాయంత్రం యేసమ్మ తట్టలేదు.

"మీ పేరు పిలవలేదండీ."

"మర్చిపోయి ఉంటాడు."

"నిన్నా పిలవలేదండీ. మీతో చెప్పలేకపోయాను."

మర్నాడు తాడేపల్లిగూడెం బస్సెక్కాడు. శేషగిరిరావు కాఫీ ఇచ్చి, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని మానేశానండీ" అన్నాడు.

"నాకు ఇబ్బందని మీతో నేను చెప్పానా?"

కాఫీ ముట్టకుండా వచ్చేశాడు.

ఆ కసితోనే సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాడు. విశాఖపట్నం మిత్రుడొకాయన సీడీలో పంపాడు. రేడియోలోంచి వచ్చే శబ్దాన్ని తీగతో కంప్యూటరుకి ఇస్తే, హోరులో మునిగిపోయి ఏ మనిషి చెవికీ అందని సిగ్నల్‌ని కూడా అది వెతికి పట్టుకుని, నిమిషం చివర అక్షరాలుగా తెర మీద వేస్తుంది. ఇటు నుంచి పిలుపు కూడా అదే పంపుతుంది. షరతు ఒకటే. కంప్యూటరు గడియారం అవతలివాడి గడియారంతో కలిసి నడవాలి. నాలుగు సెకన్లు తేడా వస్తే ఏమీ పడదు. వరదానం పాత కంప్యూటరేమో రోజూ వెనకబడేది. అందుకని యేసమ్మ రేడియోలో వార్తల ముందు టైము చెప్పే పిప్ పిప్ మోతలు విని, ఆఖరిదానికి ఆయన వీపు మీద చరిచేది. ఆయన గడియారం సరిచేసే మీట నొక్కేవాడు.

"మెల్లిగా కొట్టవే!"

"మెల్లిగా అయితే ఆలస్యమవుతుందండీ!"

చాన్నాళ్ళు తెర ఖాళీగానే ఉంది. వరదానం కంప్యూటరునీ, వానల్నీ, హోరు పెంచే చేపల చెరువుల మోటార్లనీ తిట్టాడు. ఒక సాయంత్రం ఫిన్లాండ్ మనిషి కాల్ సైన్, అంటే లైసెన్సుతో వచ్చే రేడియో పేరు, తెర మీద పడింది. దాని పక్కనే తనది.

"నన్నే పిలుస్తున్నాడే! నన్నే!" అని కేకేశాడు.

ఏలూరులో హామ్‌ల సమావేశంలో ఈ సంగతి చెబితే శేషగిరిరావు నవ్వాడు. "విన్నది కంప్యూటరండీ, ఈయన కాదు. దీన్ని కాంటాక్టంటే ఎలా?" అన్నాడు అందరి వైపూ తిరిగి. ఆ పెదాలు వరదానానికి స్పష్టంగా కనబడ్డాయి.

లేచి నిలబడ్డాడు. "ఆదివారం మా ఇంటికి రండి. వచ్చేటప్పుడు మీ చెవులు తెచ్చుకోండి!"

శేషగిరిరావు నిజంగానే వచ్చాడు. వరదానం హెడ్‌ఫోన్లు ఆయన తలకి తగిలించి, కుర్చీ తెర నుంచి పక్కకి తిప్పి కూర్చోబెట్టాడు. నిమిషం గడిచింది. తెర మీద జపాను స్టేషనొకటి పడింది.

"ఏం వినపడిందండీ?"

"హోరు తప్ప ఏమీ లేదండీ."

"నాకూ అంతే!" వరదానం బల్ల మీద గుద్దాడు. "దీని ముందు మీరూ నేనూ ఒకటే. మరి నా పేరొక్కటే ఎందుకు కొట్టేశారు?"

శేషగిరిరావు తడబడి, గుమ్మంలో ఉన్న యేసమ్మ వైపు తిరిగి, "పొరపాటైందని చెప్పండమ్మా" అన్నాడు.

మాట కనబడలేదు గాని, మొహం తిప్పుకోవడం కనబడింది.

"ఆవిడకి కాదండీ! నాకు చెప్పండి. నా మొహం చూసి చెప్పండి!"

శేషగిరిరావు తిరిగాడు. "పొరపాటైందండీ" అన్నాడు మెల్లిగా, పెదాలు కనబడేలా. వరదానం ఫరవాలేదనలేదు.

మర్నాటి నుంచి సాయంత్రం వరసలో వరదానం పేరు మళ్ళీ పిలిచారు. ఆయన పలకలేదు. వేసవి వచ్చేసరికి తెర మీద తాడేపల్లిగూడెం కాల్ సైన్ కనబడింది. శేషగిరిరావూ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆకివీడుని పిలుస్తున్నాడు. వరదానం చేతులు కట్టుకు కూర్చున్నాడు.

"జవాబివ్వరాండీ?" అంది యేసమ్మ.

"పిలవనీ. పలకకపోతే ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి."

వారమంతా పిలవనిచ్చి, అప్పుడు జవాబిచ్చాడు. ఇచ్చింది కూడా ఎంత బలంగా అందిందో చెప్పే సిగ్నల్ రిపోర్టు అంకె మాత్రమే, ఉన్నదానికన్నా ఒక్క డెసిబెల్ ఎక్కువ వెయ్యకుండా.