దారిలో ఉన్న మంచు

పొద్దున్నే తలుపు తీసిన మనవరాలు రీమ్ పెట్టిన కేకకు మెబర్కా గుండె గుభేలుమంది. ఇంట్లో చావు జరిగి ఇంకా నెల తిరగలేదు. కేక వినపడితే మంచికే అనుకునే ధైర్యం ఎవరికుంటుంది? తీరా చూస్తే ఆ పిల్ల అరిచింది మంచును చూసి. సహారా ఎడారి అంచున ఉన్న ఐన్ సఫ్రా ఊరి వెనక ఎర్రటి ఇసుక దిబ్బలన్నీ రాత్రికి రాత్రి తెల్లబడిపోయాయి.

మెబర్కా కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. "ఇప్పుడా రావడం?" అంది, ఆలస్యంగా ఇల్లు చేరిన మనిషిని నిలదీసినట్టు.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆమె కొత్త పెళ్ళికూతురిగా ఉన్న ఏడు ఈ ఊళ్ళో ఇలాగే మంచు పడింది. మొగుడు తాహర్‌కు రైల్వేలో పని. పట్టాల మీదికి గాలి ఇసుకను పోస్తూనే ఉంటుంది, అతను పారతో ఎత్తుతూనే ఉంటాడు. ఉద్యోగమంతా అదే. ఆ రోజు ఇసుక ఎత్తే పారతోనే మంచు ఎత్తమని కబురొచ్చింది. దిబ్బ మీదికి తీసుకెళ్తానన్న మొగుడి మాట నమ్మి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని మెబర్కా గడపలోనే నిలబడి ఎదురుచూసింది. అతను తిరిగొచ్చేసరికి దిబ్బ మళ్ళీ ఎర్రగా ఉంది.

"ఈసారి పడనీ, ఫొటోలు తీసేవాణ్ణి కూడా వెంటబెట్టుకుని పోదాం" అన్నాడు తాహర్.

అది వాళ్ళిద్దరి మధ్య వేళాకోళంగా మిగిలిపోయింది. చలికాలం రాగానే ఆమె అడిగేది: "ఏమయ్యా, నీ మంచు ఎందాకా వచ్చింది?" అతను పొగాకు నలుపుకుంటూ, "బయల్దేరిందే, దారిలో ఉంది" అనేవాడు. పిల్లలు పుట్టారు, ఇద్దరు పోయారు, ఒక్కడు మిలూద్ మిగిలి ఒరాన్ పట్నంలో స్థిరపడ్డాడు. తాహర్ ఊపిరితిత్తులు ఇసుకతో నిండిపోయి దగ్గుకు మనిషి సగమయ్యాడు. మంచు మాత్రం రాలేదు. మొన్న అతను కన్నుమూశాక వచ్చింది.

ఊళ్ళో ఉన్న కార్లన్నీ దిబ్బల దారి పట్టాయి. మనవాళ్ళ సంగతి తెలిసిందే. నాలుగు చినుకులు పడితే తిట్టుకుంటూ ఇంట్లో దూరతారు, మంచు పడితే మాత్రం పెళ్ళికి పోయినట్టు పోతారు. కాళ్ళు ఆడని ముసలాళ్ళను కూడా వీపున మోసుకుపోయి ఫోన్ల ముందు నిలబెట్టారు.

"నాన్నమ్మా, నువ్వూ రా!" రీమ్ ఆమె తెల్ల కొంగు పట్టుకుని లాగింది.

"నేనెట్లా వస్తానే పిచ్చిమొహమా? మొగుడు పోయినదాన్ని, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు."

తండ్రి చావుకు వచ్చి ఇంకా ఇక్కడే ఉన్న మిలూద్ నచ్చజెప్పబోయాడు. "కారు దిగకుంటే సరి గదమ్మా. అద్దాలెత్తుకుని కూర్చో. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరని వస్తే, ఇన్ని రోజులూ ఊరి కోసం కూర్చున్నట్టే గదరా! మీ నాన్న కోసం గదా కూర్చుంది."

మిలూద్ కారు తాళాలు తీసుకున్నాడు. పెళ్ళాన్ని, కూతుర్ని ఎక్కించుకుని కారు తీస్తుంటే ఆమే మళ్ళీ పిలిచింది.

"ఒరే, వచ్చేటప్పుడు ఖబరస్తాన్ దగ్గర ఆగు. మీ నాన్న ఉన్న చోటు ఫొటో తీసుకురా. పాడె వెంట మీ మగాళ్ళంతా పోయారు, ఆడదాన్ని నేను పోలేదు. ఆయన్ను ఎక్కడ పడుకోబెట్టారో చూడాలని ఉందిరా. నిద్ర పట్టడంలేదు."

"తెస్తానమ్మా" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మెబర్కా పొయ్యి మీద చారు పెట్టింది గానీ మనసు అక్కడ లేదు. ఎండ ఎక్కుతుంటే కిటికీలోంచి దిబ్బ వంక చూసి కంగారుపడింది. మంచు కరగక ముందే వీడు ఖబరస్తాన్‌కు పోతాడో లేదో! మొగుడు మంచులో ఉండగా ఒక్కసారి చూస్తే, ఇద్దరూ కలిసి దిబ్బ మీదికి పోయినట్టే ఉంటుందని ఆమె ఆశ. ఇంకొకరికి చెప్పుకుంటే నవ్వుతారు.

మధ్యాహ్నానికి వచ్చారు. రీమ్ ముక్కు ఎర్రబడింది, బూట్ల నిండా తడి ఇసుక. మిలూద్ పిల్లను నాన్నమ్మ పక్కన కూర్చోబెట్టి ఫోను ఇచ్చాడు. ప్లాస్టిక్ పళ్ళెం మీద జారుతున్న రీమ్. మంచు ముద్ద కొప్పున పెట్టుకున్న కోడలు. మెబర్కా అన్నీ చూసి నవ్వింది. ఆ తర్వాత ఖబరస్తాన్ వచ్చింది.

"ఇదేనమ్మా" అన్నాడు మిలూద్, మెడ వెనక గోక్కుంటూ.

"నాన్న ఎంతసేపు తిరిగారో నాన్నమ్మా! అన్నీ ఒకేలా ఉన్నాయి!" అంది రీమ్. తల్లి ఆ పిల్ల చెయ్యి గిల్లింది.

మెబర్కా ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తెల్లటి మట్టిదిబ్బ. దాని మీద మంచులోంచి రాళ్ళు పొడుచుకొచ్చి ఉన్నాయి, తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి, నడుమ ఇంకొకటి. ఈ ఊళ్ళో మగవాడి సమాధికి రెండే రాళ్ళు పాతుతారు. మూడో రాయి ఆడమనిషికి. పాలరాతి సమాధుల ఒరాన్‌లో బతికే మిలూద్‌కు అది తట్టలేదు.

నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. కొడుకు ముఖం చూసింది. వేళ్ళు చలికి పగిలి ఉన్నాయి. ఎన్ని సమాధుల మీద మంచు తుడిచి చూశాడో! చెబితే ఇప్పుడే మళ్ళీ పరిగెడతాడు. అప్పటికే దిబ్బ మీద ఎర్రటి చారలు తేలుతున్నాయి.

"తాతయ్యా!" అని రీమ్ వంగి ఫోనును ముద్దుపెట్టుకుంది.

"బాగుందా అమ్మా?" అడిగాడు మిలూద్. "పెద్దది చేయించి గోడకు పెట్టిస్తా."

"బాగుంది. పెట్టించు."

ఆమె అరచేతులు పైకెత్తింది. అందరూ ఎత్తారు. వాళ్ళు తాహర్ కోసం ఫాతిహా ప్రార్థన చదివారు. పేరైనా తెలియని ఆ ఆడమనిషి కోసం మెబర్కా చదివింది. చదువుతుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన ఎక్కడో తాహర్ మంచు కింద ఉన్నాడు, ఇంటిల్లిపాదీ అంత దగ్గరికి పోయి కూడా అతణ్ణి పలకరించకుండానే వచ్చేశారు. మొగుడు పోయిన రోజు కూడా ఆమె అంతలా ఏడవలేదు.

మిలూద్ పెళ్ళాన్ని వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు.

"మంచి పని చేశాం. నాన్నను చూసుకుంది గదా, ఇక అమ్మకు నిద్ర పడుతుంది."