బహ్లా అవతల వంట కారవాన్‌కు నేల వేసి వచ్చాను

మంగళవారం పొద్దున ఆరింటికి మస్కట్‌లో, ఘాలాలోని మా లేబర్ క్యాంపు ముందర కంపెనీ బస్సు ఎక్కాను. చేతిలో పనిముట్ల పెట్టె, భుజానికి బట్టల సంచి. తోటివాళ్ళు "లచ్చన్నా, వెకేషన్ దొరికిందా?" అని వేళాకోళం చేశారు. వెకేషనూ లేదు, పాడూ లేదు. ముందురోజు సాయంత్రం ఫోర్‌మన్ పిలిచి, బహ్లా అవతల రోడ్డు సర్వే క్యాంపులో వంట కారవాన్ నేల కుళ్ళిందనీ, స్టవ్ కాలు ఒకటి లోపలికి దిగిపోయిందనీ చెప్పాడు. "చూసి రా. పనికిరాకపోతే పనికిరాదని కాగితం రాసుకొచ్చెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పనికిరాదని రాయడానికి వడ్రంగి ఎందుకు, ఆఫీసులో గుమాస్తా చాలడా? కోరుట్లలో మా నాయన దగ్గర పదేళ్ళప్పుడు ఉలి పట్టినవాణ్ణి. పోతే బాగుచేసే రావాలని ఆ క్షణమే అనుకున్నాను.

కారవాన్ అంటే ఎరుగనివాళ్ళకు చెబుతాను. లారీ వెనక కట్టి లాక్కుపోయే చక్రాల గది అది. కింద ఇనుప చట్రం, దాని మీద కర్ర పట్టీలు, పట్టీల మీద ప్లైవుడ్ షీటు, పైన అంటించిన ప్లాస్టిక్ చాప. కాలికి గట్టిగానే తగులుతుంది కాని, దాన్ని మన ఇళ్ళలోని గచ్చు అనుకుంటే మోసపోతాం.

అజైబాలో మా ఆఫీసు దగ్గర దిగి, ప్రయాణానికి కావలసిన లెటర్ మీద ముద్ర వేయించుకునేసరికి ఎనిమిది దాటింది. ఎనిమిదిన్నరకు పెద్దరోడ్డు మీద నిజ్వా బస్సు దొరికింది. మీలో ఎవరైనా ఇలా సామాను పట్టుకుని పోయేటట్టుంటే డ్రైవరుకు ముందే చెప్పండి. నేను చెప్పకుండా ఎక్కి పెట్టెను నడవలో పెట్టినందుకు అరగంట తిట్లు తిన్నాను. పక్క సీట్లో ఒక ముసలి ఒమానీ కూర్చున్నాడు. పెట్టె వైపు చూసి వచ్చీరాని హిందీలో "ఏం పని?" అన్నాడు. రంపం పిడి చూపించాను. "నజ్జార్" అని తల ఊపి, మూట విప్పి నాలుగు ఖర్జూరాలు నా చేతిలో పెట్టాడు. వడ్రంగిని వాళ్ళు అలా అంటారు. సుమాయిల్ దాటాక రెండు వైపులా నున్నటి నల్ల కొండలే, గడ్డిపోచ లేదు. ఇజ్కి దగ్గర ఒక్కసారిగా ఖర్జూరపు తోటలు కనబడితే కళ్ళు చల్లబడ్డాయి.

పదకొండున్నరకు నిజ్వా చేరాను. బస్సు ఆగేచోట మలబారు హోటల్ ఉంది. పరోటా, పప్పు వేడిగా ఉంటాయి, టీ మాత్రం పాకం. అక్కడి నుంచి బహ్లాకు షేర్ టాక్సీ. నలుగురు నిండేదాకా కదలదు కాబట్టి తొందరపడి లాభం లేదు. ఒంటిగంటకు బహ్లా మట్టికోట కనబడింది. ఊరిని చుట్టేసిన ఆ గోడ పక్కన సర్వే క్యాంపు పికప్ నా కోసం ఆగి ఉంది.

నడిపేది క్యాంపు సూపర్‌వైజర్ సలీం. బహ్లా వాడే, ముప్పై అయిదేళ్ళుంటాయి. అందరూ అర్బాబ్ అంటారు, అంటే దొర అని. హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. బండి కదలగానే విషయం చెప్పేశాడు.

"శనివారం పొద్దున ఏడింటికి క్యాంపు ఎత్తేసి ముందుకు పోతున్నాం. నేల లేని బండిని నేను లాక్కుపోను. వంటబండే లేకపోతే కుక్ ఎందుకు? వీసా క్యాన్సిల్ చేసి ఊరికి పంపేస్తాను."

"నేల ఎందుకు కుళ్ళింది?"

"పైకప్పు కారుతోందని కుక్ చెప్పాడు. అబద్ధమని తేలితే శనివారం దాకా కూడా ఉంచను."

క్యాంపు మెయిన్ రోడ్డు నుంచి అరగంట దూరం, రాళ్ళ మైదానంలో. అయిదు కారవాన్లు, ఒక నీళ్ళ ట్యాంకరు, పాతికమంది మనుషులు. వంట కారవాన్ పక్కన తార్పాలిన్ కింద మూడు రాళ్ళ మీద పెద్ద డేగిసా పెట్టుకుని, పొగకు కళ్ళు తుడుచుకుంటూ కుక్ కనబడ్డాడు. పేరు ఖాజా. ప్రొద్దుటూరు మనిషి, నలభై దాటినవాడు. నా మాట వినగానే గరిటె కింద పెట్టేశాడు.

"తెలుగోడివా అన్నా. ఏడు నెల్లాయ వచ్చి, తెలుగు ఇనక. ముందు అన్నం తిను, మల్ల మాట్లాడుకుందాం."

"నీ నేల సంగతేంది భాయ్?"

"ముందు తిను" అన్నాడు గాని నా కళ్ళలోకి చూడలేదు.

పప్పు, ఎండుమిరపకాయల పచ్చడి. ఘాలాలో మా రూమ్ వంట తిని తిని చచ్చిన నాలుకకు ప్రాణం వచ్చింది. తిన్నాక నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కాను. ఒక్క అతుకు ఊడలేదు, ఒక్క మేకు కదలలేదు. సీలింగు మీద మరక కూడా లేదు. పైగా అక్కడ వాన పడి నెలలయింది. వాన లేకుండా పైకప్పు ఎలా కారుతుంది? లోపల స్క్రూడ్రైవరుతో నేలను పొడుచుకుంటూ పోయాను. తలుపు దగ్గర, సింకు కింద, గోడల వెంబడి వెన్నలోకి దిగినట్టు దిగబడింది. గది మధ్యలో మాత్రం కర్ర గట్టిగా ఉంది. ఎక్కడి నీళ్ళో ఎంతకూ అంతుపట్టలేదు.

బుధవారం పొద్దున అయిదున్నరకు నా కళ్ళతో నేనే చూశాను. ఖాజా నమాజు ముగించుకుని వచ్చాడు. స్టవ్ బయట ఉంది, గిన్నెలు బయట ఉన్నాయి, నేలకు కాలు దూరేంత కన్నం ఉంది. అయినా మనిషి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చి కారవాన్‌లో దబదబా కుమ్మరించి, చీపురుతో తలుపు వైపు తోస్తున్నాడు. సగం నీళ్ళు గుమ్మం దాటాయి. మిగతా సగం గోడ అంచున గుటగుట తాగినట్టు మాయమయ్యాయి.

"ఏం చేస్తున్నవ్ భాయ్?"

అప్పుడు గాని అతనికి తెలివి రాలేదు. బకెట్ అక్కడే వదిలేసి గుమ్మంలో కూలబడ్డాడు.

"అలవాటు అన్నా. చేయి దాని పని అది చేసేసింది."

"రోజూ గిట్లనే కడుగుతున్నవా?"

"కడక్కుండా పొయ్యి యెట్ల ముట్టించేది? మా యమ్మ చూస్తే చీపురు తిరగేసి కొడతాది. అర్బాబ్ అడిగితే భయమేసి పైకప్పు అనేసినా."

నాకు కోపం ఆగలేదు. "ఇది సిమెంటు గచ్చనుకున్నవా? కింద ఉన్నది చెక్క. ఏడు నెలలు నీళ్ళు తాపితే ఇనుమన్నా నిలుస్తదా?" అని కడిగేశాను. అతను తలవంచుకుని విన్నాడు. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టాక నాకే సిగ్గేసింది. ఘాలాలో మా రూమ్‌లో ప్రతి శుక్రవారం మేం చేసేదీ అదే. గుడ్డ తడిపి తుడిస్తే మాకు శుభ్రం అనిపించదు. పారేదాకా పోస్తేనే కడిగినట్టు. మా రూమ్ కింద సిమెంటు ఉంది కాబట్టి బతికిపోయాం, అంతే తేడా.

ఆ రోజంతా విప్పడమే. చాప చీరితే కింద కుళ్ళు వాసన గుప్పుమంది. గట్టి కర్ర దొరికేదాకా, అదీ పట్టీ మధ్యకు వచ్చేలా, ప్లైవుడ్ కోసి తీసేశాను. ఎవరైనా ఈ పని చేస్తే ఇది గుర్తుపెట్టుకోండి. కొత్త షీటు అంచు పట్టీ మీద కూర్చోవాలి, గాలిలో వేలాడకూడదు. నాలుగు పట్టీలు పిండిలా రాలాయి. కింద ఇనుముకు తుప్పు పట్టింది గాని తినేయలేదు. గీకి ఎండకు వదిలేశాను. ఒమాన్ ఎండను రోజూ తిట్టుకునేవాణ్ణి. ఆ పూట మాత్రం దండం పెట్టాను, మూడు గంటల్లో చట్రం గలగలా ఎండిపోయింది. ఖాజా పాతికమందికి బయట వండుతూనే గీకడానికి వచ్చి కూర్చునేవాడు. "అన్నా, నిజం చెప్పేస్తావా?" అని ఒక్కసారే అడిగాడు. నేను తుప్పు గీకుతూ ఉండిపోయాను. చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

గురువారం ఎనిమిదింటికి ప్లైవుడ్ కొనడానికి సలీంతో బహ్లా బయల్దేరాను. దారిలో నోరు విప్పాను. పైకప్పు కారలేదనీ, ఖాజా రోజూ కడిగాడనీ, భయపడి అబద్ధం ఆడాడనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్టీరింగు మీద సలీం వేళ్ళు బిగిశాయి. ఊళ్ళోకి వచ్చాక కూరగాయలు ఇచ్చి వస్తానని వాళ్ళింటి ముందు బండి ఆపాడు. నన్ను కూడా లోపలికి పిలిచి, ముందుగదిలో కూర్చోబెట్టి వాళ్ళ కాఫీ, ఖావా పోశాడు.

లోపల వంటిల్లు కడుగుతున్నారు. వంటింటి గుమ్మం కింద నుంచి సబ్బు నీళ్ళు కాలువ కట్టి వాకిట్లోకి పారుతున్నాయి. నేను ఆ నీళ్ళ వైపు చూశాను. సలీం నన్ను చూశాడు.

"మీ అమ్మగారేనా?" అన్నాను.

"అమ్మే. వద్దంటే వినదు. రోజూ కడగాల్సిందే."

"ఖాజా తప్పు అబద్ధం ఆడటం, అర్బాబ్. కడగడం కాదు. నేల కుళ్ళిన తప్పు వంటిల్లని పేరు పెట్టి కడగరాని నేల వేసినవాడిది."

సలీం ఖావా గిన్నె కింద పెట్టాడు. "అయితే కడిగే నేల వెయ్యి. రేపు సాయంత్రం నేనే నీళ్ళు పోస్తాను. కింద చుక్క తడి కనబడితే కుక్ ఊరికి పోతాడు, నువ్వు మళ్ళీ నా క్యాంపు మొహం చూడొద్దు."

ఇక చూడండి నా హుషారు. కట్టడపు సామాన్ల కొట్లో నీళ్ళకు ఉబ్బని రకం ప్లైవుడ్ ఏరి తీశాను. ఏ.సీ. గొట్టాలు చేసే షెడ్డుకు పోయి జింకు రేకు కోయించి, గోడల వైపు బెత్తెడు పైకి మడత పెట్టించాను, పెద్ద పళ్ళెంలాగా. తిరిగొచ్చి సందె లోపల చట్రానికి ఎర్ర పెయింటు కొట్టాను, కొత్త పట్టీలు బిగించాను. తలుపు మూలకు వాలు వచ్చేలా పట్టీల కింద సన్న చీలికలు పెట్టాను. ప్లైవుడ్‌కు రెండు వైపులా, అంచులకు కూడా పెయింటు పట్టించి ఆరబెట్టాను. అంచులు వదిలేస్తే చేసిందంతా దండగ, నీళ్ళు దూరేది అక్కడే. శుక్రవారం పొద్దున షీట్లు మరలతో బిగించి, పైన రేకు పరిచి, అతుకులన్నీ సీల్ చేసి, తలుపు మూలలో కన్నం పెట్టి కిందికి గొట్టం దించాను. మధ్యాహ్నమంతా తలుపు తీసి ఎండకు వదిలేశాను.

అయిదింటికి క్యాంపు మొత్తం పోగయింది. ఖాజా అందరి వెనక నిలబడ్డాడు, తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతూ. సలీం తన తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాను, మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి, ఒకటి కాదు, మూడు బకెట్లు గుమ్మరించాడు. నీళ్ళు గొట్టం వైపు పోలేదు. ఎదురు మూలకు పోయి మడుగు కట్టి నిలబడ్డాయి. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. ఖాజా కళ్ళు మూసుకున్నాడు.

ఒక్క నిమిషం బుర్ర పనిచేయలేదు. తర్వాత వెలిగింది. నా నేల సరిగ్గానే ఉంది, బండి నిలబడ్డ తీరు వంకర. రేకులు మోసుకుంటూ పొద్దుటి నుంచి ఎక్కి దిగినందుకు బండిని ఎత్తి నిలిపే ముందరి స్టాండు ఇసుకలోకి కుంగింది. బయటికి పరుగెత్తి స్టాండు కింద చెక్క దోపి, హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పాను. లోపల నీళ్ళు బద్ధకంగా కదిలాయి, తర్వాత జోరందుకున్నాయి, గొట్టంలోంచి బుడబుడమంటూ రాళ్ళ మీద పడ్డాయి. సలీం అంతటితో వదల్లేదు. పాత పేపరు పరుచుకుని, ఆ తెల్ల బట్టలతోనే బండి కింద వెల్లకిలా పడుకుని, ప్రతి పట్టీనీ అరచేత్తో తడిమాడు. బయటికొచ్చి ఆ చేయి నా మొహం ముందు పెట్టాడు. పొడిగా ఉంది.

"పొడి" అన్నాడు. తర్వాత ఖాజా వైపు తిరిగాడు. "బండిని ఎక్కడ నిలిపినా ముందు స్టాండు చూసుకో. తర్వాత ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని పోసుకో. నాకు మాత్రం ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకు."

"చెప్పను అర్బాబ్" అన్నాడు ఖాజా. స్టవ్‌ను నలుగురు లోపలికి మోస్తుంటే అడ్డం పడి, "నా స్టవ్, నేను మోస్తా" అని తనే ఎత్తుకున్నాడు. నేను చాటుకు పోయి బీడీ వెలిగించుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను, నిజం చెప్పడానికి సిగ్గెందుకు.

శనివారం సరిగ్గా ఏడింటికి లారీ కదిలింది, వెనక వంట కారవాన్ తూగుతూ కొండ మలుపు తిరిగిపోయింది. అది కదిలే ముందే ఖాజా నా చేతికి గుడ్డలో కట్టిన టిఫిన్ గిన్నె ఒకటి ఇచ్చి లారీ ఎక్కాడు. నన్ను సర్వేవాళ్ళ పికప్ బహ్లాలో దింపింది. టాక్సీలో నిజ్వా చేరి, పదకొండింటి మస్కట్ బస్సు పట్టుకున్నాను. ఈసారి పెట్టె గురించి ముందే చెప్పాను.

ఇజ్కి దాటాక ఆకలేసి గిన్నె విప్పాను. చింతపండు పులిహోర, ఇంకా గోరువెచ్చగా ఉంది. పక్క సీట్లో ఒక మలయాళీ సీటు పిడి మీద మోచెయ్యి ఆనించి చూస్తున్నాడు. సగం అతనికి పెట్టాను. ఒక ముద్ద తిని, "ఏ హోటల్లో కట్టించావు?" అని హిందీలో అడిగాడు.

నేను ఇప్పటిదాకా తలుపులు చేశాను, మంచాలు చేశాను, ఘాలాలో లెక్కలేనన్ని షటరింగు చెక్కలు కొట్టాను. అవి ఎవరికి పోతాయో, ఎవరు వాడతారో నాకు ఎన్నడూ తెలియదు. ఈ అన్నం మాత్రం ఆ పొద్దున అయిదింటికి, కొత్త నేల కడుక్కుని, దాని మీద గట్టిగా నిలబడి ఒక మనిషి వండింది.

"హోటల్ కాదు. నేను వేసిన నేల మీద వండింది" అన్నాను. అతనికి ఏం అర్థమయిందో గాని, ఇంకో ముద్ద కోసం చేయి చాపాడు.