మా చెల్లెల్ని బస్సెక్కించిన మనిషి

మా చెల్లెలు పనిచేసే దేశంలో యుద్ధం మొదలైందన్న మాట మా ఇంటికి మొదట తెచ్చింది మా వాడకట్టులో పాలకేంద్రం నడిపే చిన్నమ్మ. పొద్దున్నే పాలు పోయడానికి వెళ్తే, చేతిలో గిన్నె పక్కన పెట్టించి చెప్పింది.

"జర ధైర్యం జేసుకో బిడ్డా. మీ చెల్లె ఉన్న పట్నం మీద బాంబులేస్తున్నరట. టీవీల గదే జూపిస్తున్నరు."

మాది జఫర్‌గఢ్ దగ్గర ఊరు. చెల్లెల్ని మహబూబాబాద్ వైపు ఇచ్చాం. భర్త పోయాక, కూతుర్ని నా దగ్గర ఉంచి, ఇళ్లలో పనికని పరదేశం వెళ్లింది. యుద్ధం మొదలైన రోజు నుంచి ఆమె ఫోన్ మోగలేదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నడవలేకపోతే, బాపు ఇంట్లోనే కూర్చోబెట్టి, బైబిల్లో వాక్యాల మీద నా వేలు పెట్టించి అక్షరాలు నేర్పాడు. ఆ చదువుతోనే ఆ రోజుల్లో పేపరంతా వెతికేదాన్ని. మన ప్రభుత్వం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసిందని ఒకరోజు ఉండేది. ఇరుపక్షాలూ సంయమనం పాటించాలని కోరిందని ఇంకోరోజు. చదివినప్పుడల్లా, ఆకలితో కూర్చున్నవాళ్ల ముందు విస్తరి వేసి ఎటో వెళ్లిపోయినట్టు అనిపించేది.

భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే మా తమ్ముడికి ఇంకా కోపం. సెలవు పెట్టి మా ఇంటికే వచ్చేశాడు.

"ఇండ్ల మీద, దవాఖానల మీద బాంబులేస్తుంటే, తప్పని అనెటందుకు నోరు రాదా అక్కా వీళ్లకు? సంయమనమట, సంయమనం!"

"తిట్టినంక వాళ్లు మన బస్సులకు తొవ్వ ఇడుస్తరారా?" అన్నాను.

అన్నానే గాని నాకూ తెలియదు. రెండిళ్లు కొట్టుకుంటున్నప్పుడు మధ్యలో చిక్కిన పిల్లను తెచ్చుకోవాలంటే ఇద్దరితోనూ మెత్తగానే మాట్లాడాలి, అది ఊళ్లో చూసిందే. కానీ మెత్తని మాట ఎక్కడిదాకా మంచితనమో, ఎక్కడినుంచి పిరికితనమో చెప్పేంత తెలివి నాకు లేదు.

మన రాయబార కార్యాలయం వాళ్లు మనవాళ్లను ఒక బడిలో పోగుచేసి, బస్సుల్లో సరిహద్దు దాటిస్తున్నారని హైదరాబాద్ సహాయ కేంద్రంలో చెప్పారు. మా చెల్లెలి పేరు చెబితే మాత్రం, ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. మళ్లీ మళ్లీ అడిగినా అదే మాట. మేం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. చెల్లెలి కూతురు అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోయేది. అది చూడలేక తమ్ముడు ఒక మధ్యాహ్నం సహాయ కేంద్రానికి ఫోన్ చేసి అరిచాడు.

"ఇండ్లల్ల పనికి పోయినోళ్లంటే మీకు లెక్కలేదా మేడమ్? పెద్దోళ్ల పిల్లలైతే గిట్లనే జవాబిస్తరా?"

అవతలి ఆమె కోప్పడలేదు. "అన్నా, మీరు చర్చికి పోతరా?" అని అడిగింది.

"పోతం. అయితేంది?"

"మీ అక్కకు బడిల ఏం పేరు రాయించిండ్రు? మా ఇంట్ల గూడ అందరికీ రెండు పేర్లే."

తమ్ముడూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఇళ్లలో బాప్తిస్మం నాడు పెట్టే పేరు ఒకటి, బడిలో రాయించే పేరు ఇంకొకటి. అందరూ పిలిచేది మొదటిదే. రెండోది కాగితాల మీదే ఉండిపోతుంది. పాస్‌పోర్టు మీద ఉన్నదీ అదే. ప్రార్థనలో ఏ పేరు తలుచుకుంటున్నామో, తమ్ముడు ఆ పేరే అధికారులకూ చెబుతూ వచ్చాడు. బడి మెట్లెక్కని నాకు ఉన్నదే ఒక్క పేరు, నాకెట్లా తడుతుంది?

తమ్ముడు గొంతు తగ్గించి బడి పేరు చెప్పాడు. ఆమె చూసి, "ఉన్నది అన్నా. ఈ పొద్దుగాలనే బస్సెక్కింది" అంది. ఆ తల్లి ఎవరో, ఆమె ఇల్లు చల్లగా ఉండాలని ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతాను.

సంగతి విని చిన్నమ్మ నవ్వింది. "దేవునికి ఏ పేరు జెప్పినా ఎరుకే బిడ్డా. సర్కారుకే పాస్‌పోర్టు గావాలె."

చెల్లెలు వచ్చాక ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు వాక్యం చెప్పాక, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే భోజనాలు. చెల్లెలు లేచి నిలబడి కూతురి తల నిమురుతూ ఉండిపోయింది.

"జల్ది చెప్పు బిడ్డా, కూర సల్లగైతున్నది" అంది చిన్నమ్మ. అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు.

"దేవుడు నన్ను తెచ్చిండు, స్తోత్రం. గని నాతోని ఆ ఇంట్ల పనిచేసిన ఆమె రాలే. ఆమెది ఆఫ్రికా దిక్కు దేశం. మా యజమానులు మా పాస్‌పోర్టులు ఇయ్యకుండనే ఇల్లిడిసి పోయిండ్రు. నాకు ఆ భాష రాదు. తుపాకులోళ్లు తొవ్వల ఆపినప్పుడల్ల ఆమెనే మాట్లాడి నన్ను ఆ బడిదాంక తోల్కొచ్చింది. మనోళ్లు నాకు పాస్‌పోర్టు లేకున్నా కాగితం రాసిచ్చిండ్రు. ఆమెను గూడ ఎక్కించుకోండ్రని కాళ్లమీద పడ్డ. మన ఆఫీసు సారు మంచోడే, ఆమెకు నీళ్లు, రొట్టె ఇచ్చిండు. మన దేశపోళ్లకే అమ్మా, నా చేతుల లేదన్నడు. వాళ్ల దేశం ఆఫీసు ఎప్పుడో మూసిండ్రట. నేను దిగబోతే ఆమెనే నన్ను లోపటికి నూకింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. పిల్ల మాత్రం తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది.

ప్రభుత్వానికి నేను కృతజ్ఞురాలినే. ఆ రోజు నాకు చప్పగా తోచిన మాటలే మా చెల్లెలికి దారి తీశాయేమో. కానీ అదే దారిలో ముందు నడిచిన మనిషికి ఆ మాటల్లో చోటు లేకపోయింది. ఇప్పుడు పేపర్లో మనవాళ్లంతా క్షేమంగా చేరారని చదివితే దేవుణ్ణి స్తుతిస్తాను, ఆ వెంటనే పేపరు మడిచి పక్కన పెడతాను. చెల్లెలు ఎన్ని విధాల ప్రయత్నించినా ఆమె జాడ ఇప్పటికీ తెలియలేదు.

మీరు ఏ దేవుణ్ణి మొక్కేవారైనా సరే, ఎవరినీ మొక్కనివారైనా సరే, ఒక్కటి అడుగుతున్నాను. బస్సు కదిలాక ఆ బడి ముందు ఒంటరిగా నిలబడిపోయిన ఆమెను ఒకసారి మనసులో తలుచుకోండి.