మాయ పడేదాకా

ఫ్రెంచి దొరల వైద్య పాఠశాలలో మంత్రసానులకు కానుపు పాఠం చెప్పే ఉద్యోగం నాకు దొరికినప్పుడు మా అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఆడోళ్ళకు కానుపు నేర్పించేదానికి మొగోడా? బాగుండాదిరా మీ దొరల యవ్వారం."

నాకు నవ్వు రాలేదు. పాఠమంటే నాకు మొదటినుంచీ వణుకే. పుస్తకం ఫ్రెంచిలో, తరగతి అరవంలో, నా తలలో ఆలోచన తెలుగులో. ఈ మూడింటి మధ్య ఒక్క మాట జారినా ఎక్కడో ఒక తల్లి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ప్రతి పాఠానికీ ముందు ఉప్పళంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, అడుగు తీసేసిన మట్టికుండలోంచి గుడ్డబొమ్మను బయటికి తీస్తూ, అరవంలో పాఠం నాకు నేనే అప్పజెప్పుకునేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు నాకు మతి చెడిందనుకునేవారు. అనుకుంటే అనుకోనీ. నిజం చెప్పొద్దూ, ఆ ఉద్యోగం నాకు ప్రాణం. సెలవులొస్తే తోచేది కాదు.

నా భార్యకు తల్లి లేదు. కానుపు మా ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. ఆస్పత్రి పేరెత్తనివ్వలేదు. పురిటి గది గడప మగ డాక్టరు తొక్కకూడదంది. ఆ మగ డాక్టర్లలో నేనూ ఒకణ్ణి. బతిమాలగా బతిమాలగా ఒక్కదానికి ఒప్పుకుంది. నా తరగతిలో చదివే మంత్రసాని ఒకామె మా వీధిలోనే ఉండేది, మా తెలుగువాళ్ళే. ఆమె వస్తే సరేనంది. చురుకైన మనిషి. కానీ అప్పటికి ఒంటరిగా ఒక్క కానుపు కూడా చేసి ఎరగదు.

మిట్టమధ్యాహ్నం. మూసిన తలుపు బయట నేను నిలబడి ఉన్నాను. బిడ్డ ఏడ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలోనే లోపల గొంతులు తగ్గిపోయాయి.

"మాయ పళ్ళేదే. ఏంది చూస్తా కూచున్నావు? తాడు పట్టి లాగు" అంది అమ్మ.

"లాగకూడదవ్వా. దానంతట అదే పడేదాకా ఆగాల" అంది మంత్రసాని.

"ఆగితే నా కోడలు దక్కతాదా?"

ఆగమని నేర్పింది నేనే. బొడ్డుతాడు లాగితే నెత్తురు కట్టు తప్పుతుందని చెప్పింది నేనే. కానీ బిడ్డ వెనకాలే రావలసిన మాయ పడకముందే నెత్తురు ధారగా పోతుంటే ఊరికే కూర్చోకూడదనీ, పొత్తికడుపు మీద చెయ్యి వేసి రుద్దుతూ డాక్టరును కేకేయాలనీ అదే పాఠంలో చెప్పాను. ఏది ఎప్పుడో ఆమెకు అర్థమైందా? ఆ రోజు నా అరవం తిన్నగా సాగిందా? తరగతిలో నేను చూపించిన కుండకు నెత్తురు రాదు కదా, ఎంత పోతే ఎక్కువో ఆమెకెలా తెలుస్తుంది?

"నెత్తురు ఎంత పోతా ఉండాది?" అని అరిచాను.

తలుపు తోశాను. లోపల గడియ.

"యాడికిరా వస్తావు? ఆడోళ్ళుండే గది!" అని అమ్మ కసిరింది. ఆ కసురులో అమ్మ గొంతు కూడా వణికింది. అది విన్నాక గోడకు ఆనుకుని కూలబడ్డాను. నా భార్య గొంతు మాత్రం వినబడటం లేదు. దేవుడికి మొక్కుకోవలసినవాణ్ణి, ఆ పాఠాన్నే మళ్ళీ మొదటినుంచీ గొణుక్కుంటున్నాను, ఎక్కడ తప్పు చెప్పానా అని వెతుక్కుంటూ.

ఎంతసేపు గడిచిందో తెలియదు.

"పడిందవ్వా. అంతా పడింది, ముక్క మిగల్లేదు" అన్న మాట వినబడింది. తరువాత నా భార్య నీళ్ళడిగింది. ఆ గొంతు విని నోట్లో ఉత్తరీయం కుక్కుకుని ఏడ్చాను.

కాసేపటికి మంత్రసాని బయటికి వచ్చింది. "అక్క బాగుండాదయ్యా. కడుపు గట్టిపడింది, నెత్తురు నిలిచింది" అంది. నేను చేతులెత్తి దండం పెట్టబోయాను. ఆమె తన చేతులు నా ముందుకు చాపింది. అవి మోచేతులదాకా వణుకుతున్నాయి.

"ఆగాలని చెప్పినారు గదయ్యా. ఆగేటప్పుడు ఇంత బయమేస్తాదని ఎందుకు చెప్పలేదు?"

"నాకూ తెలీదమ్మా" అన్నాను. "ఆస్పత్రిలో నేను ఆగినప్పుడంతా పక్కన పెద్ద డాక్టరు దొర నిలబడి ఉండేవోడు."

ఆమె చేతులు కొంగులో చుట్టుకుని, కాస్త ఎడంగా, అదే గోడకు ఆనుకుని కూర్చుంది.