చంద్రుడి మీద డైనోసార్ ఎముక

నేను బరంపురంలో సైన్స్ టీచర్‌ని. ఇవాళ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: గ్రహశకలం భూమిని గుద్దినప్పుడు డైనోసార్ ఎముకొకటి ఎగిరి చంద్రుడి మీద పడుంటే, ఆ చలికి దాని డీఎన్ఏ చెడకుండా ఉంటుందా అని. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

సాయంత్రం బజారులో, మాకు ఎప్పుడూ చేపలమ్మే నూకాలమ్మకి ఈ సంగతి చెప్పాను. చేప కోస్తున్నదల్లా ఆగింది.

"అక్కడ ఎండ కాస్తాదా టీచరమ్మా?"

"ఇక్కడికన్నా ఘోరంగా కాస్తాది."

"మరి ఐసేసి ఏటి లాభం? ఎండ తగిలితే సేప పాడే. నీడున్న గొయ్యి సూడాల."

నాకు ఒళ్లు పులకరించింది. చంద్రుడి మీద ఎండ సోకని గోతులు నిజంగానే ఉన్నాయి. ఆ మాటే గబగబా చెప్పాను.

"పడి ఎన్నాళ్లయింది?"

"ఆరున్నర కోట్ల ఏళ్లు."

నూకాలమ్మ మళ్లీ కత్తిపీట మీదికి వంగింది. "అయితే గోతిలో ఉన్నా సుఖువాయే, ఉత్త ఎండుసేపే. ఎండుసేపని నీళ్లలో నానేస్తే ఈదుతాదేటి?"

బజారు మధ్యలో నిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. రేపు క్లాసులో ఇదే జవాబు, ఆవిడ పేరుతో సహా. కాదనేవాళ్లుంటే కామెంట్లో వాదించండి. నేను మాత్రం నూకాలమ్మ పక్షం.