గుదైబియా గుంత గొడవ గంటలో తేలింది

మేం పనికొచ్చిన అరబ్బు దేశంలో, గుదైబియా అనే పేటలో మా బిల్డింగు ముందు నాలుగు నెలలుగా పెద్ద గుంత ఉంది. మీరు పూడ్చాలంటే మీరు పూడ్చాలని రెండు సర్కారు ఆఫీసులవాళ్లు, అంటే నీళ్లవాళ్లూ రోడ్లవాళ్లూ, వాదులాడుకుంటున్నారు. మొన్న మా గదిలో ఉండే రాజన్న అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఈ రోజు ఇద్దరు అధికారులూ, రాజీ కుదిర్చే ఒక పెద్దమనిషీ గుంత దగ్గరికే వచ్చారు. వాళ్ల డ్రైవర్ హైదరాబాదీ.

“వీళ్లు కోర్టుకు పోతరా భాయ్?” అని అతన్ని అడిగాను.

“ఎందుకు? రెండూ సర్కారువే. కూసొని మాట్లాడుకుంటే ఖలాస్.”

నిజంగానే గంటలో తేలిపోయింది. మట్టి పోసే పని నీళ్లవాళ్లది, తారు వేసే పని రోడ్లవాళ్లది. సాయంత్రానికి గుంత పూడిపోయింది. నేను నమ్మలేక దాని మీద నడిచి చూశాను.

ఆసుపత్రిలో ఉన్న రాజన్నకు ఫోన్‌చేసి చెప్పాను.

“గంట పనేనా అన్నా? గా గంట కోసం నా కాలు ఇరగాల్నా?”

మీరైతే ఏం చెప్పేవారు?