పేర్ల వరుసలో మొదటి పేజీ

డిస్క్ నిండిపోయిన రోజున మా జీన్స్ వాషింగ్ యూనిట్‌లో కోపం రానిది వాషింగ్ మెషీన్ ఒక్కదానికే. అది తన మానాన ప్యాంట్లు తిప్పుకుంటూనే ఉంది. ఉతికి, రంగు వెలిసేట్టు చేసి, ఆరబెట్టి, కట్టలు కట్టిన సరుకు లారీ ఎక్కేసింది. దాని వెంట పోవాల్సిన కాగితం మాత్రం కంప్యూటర్‌లోంచి రానంటోంది. లాట్ నంబరు కొట్టిన ప్రతిసారీ తెరమీద ఒకటే మాట: స్థలం లేదు.

బళ్ళారిలో కాలేజీ చదువు చదివి బళ్ళారిలోనే ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి నన్ను యూనిట్‌లో అందరూ తెలివైనవాడని అనుకునేవాళ్ళు. వాళ్ళ నమ్మకాన్ని నేను చెడగొట్టలేదు. సర్వర్, డేటాబేస్, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం, మూడూ నా శాఖలే.

యూనిట్ యజమానిని అక్కడ సావుకారు అంటారు. ఆయన సర్వర్ గదిలోకి చెప్పులతోనే వచ్చాడు. చెప్పులు బయట విడవాలని గోడమీద బోర్డు పెట్టించింది ఆయనే.

"యాకప్పా, ఏమాయె? మొన్ననే గదా కొత్త డిస్క్ ఇప్పిస్తి?"

"నిండిపోయింది సార్."

"సుమ్నే, ఊరికే నిండుతాదా? ఎవడో ఏదో పెట్టుంటాడు. వాడెవడో జల్ది కనుక్కో. సాయంత్రానికి వాడు నా గేటు లోపల ఉండకూడదు."

కనుక్కోవడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. డేటాబేస్ పేరు మీద కుడి బటన్ నొక్కితే రిపోర్టుల వరుస ఒకటి తెరుచుకుంటుంది. అవి ఎవరూ రాయక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తాయి. ఏ టేబుల్లో, అంటే ఏ పట్టికలో, ఎన్ని వరుసలున్నాయి, అది డిస్క్ మీద ఎంత జాగా పట్టుకుంది, అందులో నిజంగా వాడుతున్నది ఎంత, అన్నీ చూపిస్తాయి. మనకు కావలసిన రిపోర్టులు రెండు. ఒకటి పెద్ద టేబుళ్ళను పైన పెడుతుంది. రెండోది అన్నిటినీ పేర్ల వరుసలో పెడుతుంది.

నేను మొదట మొదటిదే తెరిచాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అన్నిటికంటే పైన ఉన్నది నా టేబులే. ఉతికిన ప్రతి లాట్ రంగునీ ఫొటో తీసి డేటాబేస్‌లో పెడితే, రంగు తేడా అని గొడవకొచ్చిన వ్యాపారి నోరు మూయించవచ్చని సావుకారుకి నేనే చెప్పాను. ఆయన భుజం తట్టాడు. కెమెరా పెట్టించాడు. లాట్‌కి ఒక ఫొటో తీయాల్సిన దాన్ని నేను నిమిషానికి ఒకటి తీసేట్టు పెట్టి, తర్వాత మారుద్దాంలే అనుకుని మరిచిపోయాను. యూనిట్‌కి సెలవైన ఆదివారాల్లో కూడా అది తన ధర్మం తాను చేసింది. ఖాళీ బల్ల మీద నిద్రపోతున్న పిల్లి ఫొటోలు మా డేటాబేస్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది. డిస్క్‌లో ముప్పాతిక భాగం అదే.

ఆ రిపోర్టు మూసేశాను. తెరిచినదాన్ని మూయడం తప్పు కాదు గదా.

రెండోది తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల వరుస కాబట్టి మొదటి పేజీ నిండా 'ఎ'తో మొదలయ్యే ఆయుధపూజ టేబుళ్ళే. ఆయుధపూజ, పక్కన ఏడాది. మళ్ళీ ఆయుధపూజ, మరో ఏడాది. చూపు ఆనినంత మేరా అవే. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ పేజీ నిండింది.

అవి ఎవరివో నాకు తెలుసు. లాట్ ఎంట్రీలు కొట్టే పెద్దాయనవి. యాభై ఐదు దాటిన మనిషి. పుస్తకంలో చేత్తో లాట్లు రాసే రోజుల నుంచీ అక్కడే ఉన్నాడు. కంప్యూటర్ వచ్చాక అదే కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. సర్టిఫికెట్టు లేదు. ఆ కుర్చీ పోతే ఊళ్ళో ఆయనకు ఇంకో కుర్చీ ఇచ్చేవాళ్ళు లేరు. ఈ సంగతి ఆయనకు తెలుసు, సావుకారుకి తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు.

ఆయనది మిషన్ చర్చి కుటుంబం. ఆయుధపూజ నాడు మేమంతా మెషీన్లకీ సర్వర్‌కీ కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడుతుంటే ఆయన గేటు దగ్గర నిలబడేవాడు. నేను చేరకముందు ఒక ఏడు ఎవరో భక్తి ఎక్కువై కొబ్బరినీళ్ళు సర్వర్ మీదే చల్లారట. ఆ సీజను లాట్లన్నీ పోయాయి. అప్పటినుంచీ పూజకి ముందురోజు ఆయన లాట్ల టేబుల్‌ని కాపీ చేసి, ఆ పండగ పేరే పెట్టి దాచేవాడు. పూజలో ఆయన వంతు అంతే.

మొదటి పేజీ ప్రింటు తీశాను. ఒక్క పేజీనే. అందులో అబద్ధం ఒక్క అంకె కూడా లేదు.

సావుకారు దాన్ని పట్టుకుని ప్యాకింగ్ హాల్లోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"ఏందప్పా ఇవి? నువ్వే చేసినావా?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశాడు. "నేనే సార్. ప్రతి ఏడాదీ చేస్తాండా. ఆ పొద్దు నీళ్ళు పడినాయి గదా, మళ్ళీ పోగూడదని."

"ఎవుర్ని అడిగి చేస్తివి?"

"అడగల్లని తెలీలేదు సార్. ఇంతింత చిన్నవి, జాగా పట్టవని..."

సావుకారు నావైపు తిరిగాడు. అక్కడ ఒక మాట అంటే సరిపోయేది. నేను అన్నాను కూడా.

"పూజకి మనమంతా కొబ్బరికాయ కొడతాము సార్. అన్న కాపీ కొడతాడు."

ప్యాకింగ్ ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. సావుకారు కూడా నవ్వాడు. పెద్దాయన, మర్యాదకి కాబోలు, తానూ కొంచెం నవ్వాడు. నా జోకుల్లో అంత బాగా పేలినది మరొకటి లేదు.

నవ్వు ఆగాక సావుకారు అన్నాడు. "సాకప్పా, ఇంక చాలు. వయసాయె నీకు. ఇంక ఇంటికాడ ఉండు."

కాపీలన్నీ నేనే చెరిపేశాను. వచ్చిన జాగా కొంచెమే, కానీ నాలుగు కాగితాలు రావడానికి చాలింది. లారీ కదిలింది. నేను చెప్పింది నిజమేనని యూనిట్ మొత్తానికీ అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. పొద్దున కంటే సావుకారు ఇంకా గట్టిగా భుజం తట్టాడు.

సాయంత్రం పెద్దాయన టిఫిన్ క్యారియరు చేత్తో పట్టుకుని సర్వర్ గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"అప్పా, నీ కాగితం యాడనుంచి తీసినావో ఒకసారి చూపిస్తావా? ఇంకో తావ పనికి పోతే, ఇదొకటి వచ్చునని చెప్పుకుంటా."

కాదనడానికి కారణం దొరకలేదు. కుర్చీ ఇచ్చాను. కుడి బటన్, రిపోర్టులు, పేర్ల వరుస. ఆయన పెదవులు కదిలిస్తూ ఒక్కో పేరూ చదివాడు. తనవి లేవు. తర్వాత మౌస్ బాణాన్ని జాగా అంకెలున్న నిలువు వరుస తలమీదికి తీసుకెళ్ళాడు. లాట్ల తెరమీద పెద్ద లాట్ పైకి రావాలంటే అక్కడ నొక్కడం ఆయనకు రోజూ అలవాటే. ఒకసారి నొక్కితే చిన్నవి పైకి వచ్చాయి. ఇంకోసారి నొక్కాడు.

చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇది ఫొటోలది గదా?"

"ఊఁ."

"నీదే గదప్పా?"

నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దాను. అవి సరిగ్గానే ఉన్నాయి.

ఆయన గొంతు పెంచలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, "సార్, ఒక నిమిషం ఈడికి రాండి" అని పిలిచాడు. సావుకారు బండి తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు.

"ఇంకా పోలేదేందప్పా నువ్వు?"

"ఇది చూడండి సార్. నావన్నీ తీసినా ఇది ఇంత ఉండాది. డిస్క్ నింపింది ఇది."

సావుకారు తెరమీదికి వంగాడు. అంత పొడుగు అంకె ఆయనకు కూడా అర్థమైంది. "ఎవుర్ది ఇది?"

పెద్దాయన నావైపు చూశాడు. చెప్పే అవకాశం నాకే వదిలేశాడు. ఆ మనిషి చేసిన తప్పు ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే.

"సిస్టమ్‌ది సార్" అన్నాను.

"సిస్టమ్‌ది ఉండనీలే" అని సావుకారు లైటు ఆర్పమని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దాయన టిఫిన్ క్యారియరు అందుకున్నాడు. కుర్చీని నావైపు జరిపాడు.

"కూచో అప్పా" అన్నాడు. "నీకు పనుండాది."

నాకు నిజంగానే పనుంది. ఆయన అడుగుల చప్పుడు గేటు దాటేదాకా ఆగి, పిల్లి ఫొటోలతో మొదలుపెట్టి చెరిపేశాను.